జనవరి రెండున పుట్టినవాళ్ళు

బెంగాలులోని షాలిమార్ తెలుగు బస్తీలో అరవై ముగ్గురు ఒకే రోజు పుట్టారు. సంవత్సరాలు వేరు, రోజు మాత్రం జనవరి రెండు. నమ్మకపోతే వాళ్ళ కార్డులు అడిగి చూసుకోండి. వాళ్ళందరినీ ఆ రోజున పుట్టించినవాడు మా నాన్న.

నాన్న పేరు రెవరెండ్ గెర్షోము. బస్తీ మొత్తానికి అయ్యగారు. ఇరవై ఆరేళ్ళ వయసులో శ్రీకాకుళం నుంచి వచ్చి, గూడ్సు యార్డు గోడ పక్కన ఒక రేకుల షెడ్డు వేశాడు. ఆదివారం అది గుడి, మిగతా ఆరు రోజులూ బడి. మూటలు మోసేవాళ్ళ పిల్లలు, బొగ్గు ఏరుకునేవాళ్ళ పిల్లలు, ఏ కాగితమూ లేకుండా రైలు దిగినవాళ్ళ పిల్లలు అందులో కూర్చునేవారు. బడిలో చేర్చాలంటే పుట్టిన తేదీ రాయాలి. "ఎప్పుడు పుట్టాడమ్మా?" అని అడిగితే తల్లి, "జీడిపిక్కల కాలంలో బాబూ" అనేది. జీడిపిక్కల కాలాన్ని ఏ గడిలో రాస్తారు? బెంగాలులో బళ్ళు తెరిచేది జనవరి రెండున. మనిషి అక్షరం దిద్దిన రోజే పుట్టినట్టు అని నాన్న సిద్ధాంతం. ఆ తేదీ వేసి, అయిదారేళ్ళు వెనక్కి లెక్కపెట్టి రాసేశాడు.

అప్పట్నుంచీ ఏటా జనవరి రెండు సాయంత్రం బడి వాకిట్లో పెద్ద గుండిగతో పరమాన్నం. కొత్త ఖర్జూరపు బెల్లం వచ్చే రోజులు కదా, వీధి చివరి దాకా వాసన. తాతలు, మనవలు, కూలీలు, గుమాస్తాలు అందరూ ఒకరికొకరు పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పుకునేవారు. నేను పుట్టింది ఆగస్టులో, ఆసుపత్రి కాగితంతో సహా. నన్నెందుకు జనవరి రెండున కనలేదని చిన్నప్పుడు మా అమ్మ మీద పడి ఏడ్చేదాన్ని.

నాన్న చూపు తగ్గాక ఇరవై రెండేళ్ళుగా బడి నేనే నడుపుతున్నాను. ఈ దయామణికి నోరెక్కువ అంటారు. నలభై మంది పిల్లల్ని ఒక రేకుల గదిలో కూర్చోబెట్టి చూడమనండి, ఎవరికైనా నోరొస్తుంది. నోరున్నందుకు నాకెప్పుడూ బాధ లేదు. నోరు తెరవాల్సిన చోట మూసుకున్నందుకే ఈ కథ చెబుతున్నాను.

నవంబరులో అరుంధతి దిది వచ్చింది. దిది అంటే అక్క; మా వెనక వీధి బెంగాలీ బడిలో టీచరు. ఓటర్ల జాబితా కొత్తగా రాసే పని, మా పోలింగ్ బూత్ వరకు, ఆమె నెత్తిన పడింది. ఇంటింటికీ ఫారాలు పంచి, నింపించుకుంది.

"పాత జాబితాలో పేరున్నవాళ్ళకి భయం లేదు దయా," అంది టీ తాగుతూ. "లేనివాళ్ళకే ఏదో ఒక ఆధారం కావాలి."

ఇరవై మూడేళ్ళ కిందట ఆ పాత జాబితా రాసిన ఏడాదే మా బస్తీ సగం కాలిపోయింది. కాలినవాళ్ళు ఏడాదిన్నర పాటు బంధువుల ఇళ్ళలో, వంతెనల కింద తలదాచుకున్నారు. వాళ్ళ పేర్లు అందులో లేవు. వాళ్ళకున్న ఆధారమల్లా మా బడి సర్టిఫికెట్టు.

"ఆధారం ఉందిగా దిది, మా నాన్న సంతకంతో," అన్నాను. ఎంత గర్వంగా అన్నానో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

క్రిస్మస్ వెళ్ళిన మూడో రోజు నోటీసులొచ్చాయి. ముప్పై ఒక్కరికి. జనవరి తొమ్మిదిన విచారణకి రావాలని.

సింహాచలమ్మ తన నోటీసుని కొంగున ముడేసి తెచ్చింది. మా గుడి ఊడ్చేది, బడిలో వంట చేసేది ఆవిడే. జనవరి రెండు లెక్కన ఆవిడకి యాభై ఎనిమిది నిండబోతున్నాయి.

"ఏటమ్మగోరూ ఇది? నానేటి తప్పు సేసినాను?"

"నువ్వేం చెయ్యలేదు. వెళ్ళి సర్టిఫికెట్టు చూపించి రావాలి, అంతే."

"సూపిస్తే వొగ్గేస్తారా? పేరు తీసీసి ఎల్లగొట్టీస్తారంట కదా. ఎక్కడికెల్తాను? మా యమ్మ ఈ యార్డు పక్కనే సచ్చిపోనాది. ఊరి పేరు కూడా నాకు గేపకం లేదు."

"ఎవరు చెప్పారు నీకీ కబుర్లు?"

"కోదండం."

ఇంకెవడు చెబుతాడు! కోదండం గూడ్సు షెడ్డులో గుమాస్తా. మా బడిలోనే చదివాడు, జనవరి రెండువాడే. చెడ్డ కబురు ఎక్కడ పుట్టినా ముందు వాడి చెవికే చేరుతుంది. తిడదామనుకున్నాను గానీ, ఆ సాయంత్రమే అరుంధతి దిది గేటు దగ్గరికి వచ్చి నిలబడింది. లోపలికి రమ్మంటే రాలేదు.

"కంప్యూటరు పట్టుకుంది దయా. ఒకే బడి, ఒకే చేతిరాత, ఒకే తేదీ. దొంగ కాగితాలంటున్నారు పైవాళ్ళు. ఫాదర్‌ని కూడా పిలుస్తారు. నేను చెప్పానని ఎక్కడా అనకు," అంది. టీ తాగకుండా మా గేటు నుంచి ఆమె వెళ్ళిపోవడం అదే మొదలు. మళ్ళీ ఆ చలికాలంలో మా వీధి వైపు ఒంటరిగా రాలేదు.

మర్నాడు ఎవరో నల్ల స్వెట్టరు మనిషి మోటారు సైకిలు ఆపి, మా బడి బోర్డుకి ఫోనులో ఫొటో తీసుకున్నాడు. ఎవరు మీరని అడిగాను. "రిజిస్టర్లు ఎవరి దగ్గరుంటాయి?" అని మాత్రం అడిగి, నా మొహానికి కూడా ఒక ఫొటో తీసుకుని వెళ్ళాడు. ఎదురింటివాళ్ళు కిటికీ మూసేశారు. యాభై ఏళ్ళుగా తెరిచి ఉండే కిటికీ అది.

నాన్నతో మాట్లాడక తప్పలేదు. మధ్యాహ్నం పూట ఎండలో మడత కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఎనభై ఆరేళ్ళు. గోడ అవతల వ్యాగన్లు ఒకదానికొకటి తగిలినప్పుడల్లా కుర్చీ చేతుల మీద వేళ్ళు కదిలేవి.

"నాన్నా, తొమ్మిదో తారీకున ఒకటే అడుగుతారు. ఈ తేదీలు నిజమేనా అని. నిజమే అని చెప్పు. ఒక్క ముక్క చాలు."

"నిజం కాదు కదమ్మా."

"నీకు తెలుసు, నాకు తెలుసు. వాళ్ళకెందుకు?"

"ప్రమాణం చేయిస్తారేటి?"

"చేయిస్తే చెయ్యి."

నాన్న నవ్వాడు. "అరవై ఏళ్ళు గుడిలో ఆ బల్ల వెనక నిలబడి అబద్ధం ఆడకండ్రా అని చెప్పాను. ఇప్పుడు నా నోటంట ఏటి పలికిద్దామనుకుంటున్నావు దయా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. "మరి రిజిస్టరులో రాసింది అబద్ధం కాదా? అప్పుడేమైంది నీ బల్ల?"

 అంత మాట అనకుండా ఉండాల్సింది.

"అప్పుడది అబద్ధమనిపించలేదమ్మా. పిల్లలు లోపలికి రావాలి, అంతే తోచింది. ఇప్పుడు అడిగితే అబద్ధమే అంటాను. అందుకే కదా ఎర్ర అట్ట పుస్తకంలో ఉన్నదున్నట్టు రాసుకున్నాను. అది వాళ్ళ ముందు పెడతాను. చదువుకోనీ."

ఆ పుస్తకం నాకు తెలుసు. పొడుగ్గా, ఎర్ర గుడ్డ అట్టతో, నాన్న రేకు పెట్టెలో అడుగున ఉంటుంది. పిల్లకో పేజీ. తల్లి చెప్పింది చెప్పినట్టు పెన్సిలుతో రాశాడు. ప్రతి పేజీ చివరా ఒకే వాక్యం: "అసలు తేదీ తెలియదు. రిజిస్టరులో జనవరి 2 అని నేనే వేశాను." కింద సంతకం.

కోదండం ఆ మాట విని నెత్తి కొట్టుకున్నాడు.

"అమ్మగారూ, అది వాళ్ళ చేతిలో పడిందా, అయ్యగారు మరి ఇంటికి రారు. నేనే దొంగ తేదీ వేశానని సంతకం పెట్టి మరీ ఇచ్చినట్టు. ఈ వయసులో జైల్లో గచ్చు మీద పడుకుంటారా? పుస్తకం లేదనుకోండి, రిజిస్టరొక్కటే ఉంటుంది. అయ్యగారు నోటితో ఏటి చెప్పినా ముసలితనం, చాదస్తం అనుకుంటారు. మేమూ బతుకుతాం, ఆయనా బతుకుతారు."

వాడి మాటలో నాకు తప్పు కనబడలేదు. ఎంత వెతికినా కనబడలేదు.

డిసెంబరు ముప్పై ఒకటి పొద్దున్న. పొగమంచుకి యార్డు గోడ కూడా కనబడటం లేదు. నాన్న స్నానానికి నీళ్ళు పెరట్లో మట్టి పొయ్యి మీద పెట్టి, పెట్టె తెరిచి పుస్తకం తెచ్చాను. తెరవకుండా పడేద్దామనుకున్నాను. పాడు చేతులు, తెరిచాయి.

"సింహాచలం. ఆడపిల్ల. తల్లి పైడమ్మ, తండ్రి లేడు. ఊరు టెక్కలి దగ్గర, సముద్రం వైపు, కరణం పేరు చెప్పింది," అని ఆ ఊరి పేరు, కరణం పేరు, మేనమామ పేరు. "తుపానుకి ఇంటి కప్పు లేచిపోయిన ఏడాది, జీడిపిక్కల కాలంలో పుట్టింది. తల్లికి ముందు ఇద్దరు పోయారు. పిల్లకి పలక అంటే భయం. బెల్లం ముక్క ఇస్తే కూర్చుంది."

బెల్లం ముక్క దగ్గర ఒక్క నిమిషం ఆగాను. ఆగి, చింపాను. పాత కాగితం కదా, ఇట్టే అంటుకుంది. ఒక్కో పేజీ వేస్తూ పోయాను. ఎర్ర గుడ్డ మాత్రం ఎంతకీ కాలదు, పొగ, కమురు వాసన. పుల్లతో లోపలికి తోస్తుంటే వెనక చేతికర్ర చప్పుడైంది.

"ఏటమ్మా, వేణ్ణీళ్ళకి ఇంత మంటా?"

"చలిగా ఉంది కదా నాన్నా."

దగ్గరికి వచ్చి, వంగి, రెండు చేతులూ పొయ్యి దగ్గర పెట్టి కాచుకున్నాడు. చూపు సరిగా లేదు, ఏం కనబడుతుందిలే అనుకున్నాను. "బాగుంది," అని చేతులు మొహానికి అద్దుకున్నాడు.

జనవరి రెండున పరమాన్నం వండాను. బడి తెరిచిన రోజు. పిల్లలు తిని వెళ్ళిపోయారు. సాయంత్రం పెద్దవాళ్ళు రావాలి. రాలేదు. అందరూ ఒకచోట కనబడితే ఫొటోలు తీస్తారని కోదండం ముందురోజే ఇల్లిల్లూ తిరిగి చెప్పాడట. ఎవరి పుట్టినరోజుని వాళ్ళు దాచుకున్నారు. ఏడుగురు వచ్చారు. వాళ్ళు కూడా గిన్నెలు మూతపెట్టి ఇళ్ళకి పట్టుకెళ్ళారు, శుభాకాంక్షలు చెప్పుకోలేదు.

"ఏరమ్మా మనవాళ్ళు?" అని నాన్న మూడుసార్లు అడిగాడు.

సింహాచలమ్మ ఒక్కతే అక్కడ కూర్చుని తింది. "నాకు ఎన్ని నిండినట్టు అయ్యగోరూ?" అని అడిగింది, ఏటా అడిగినట్టే. నాన్న ఏటా ఠక్కున చెప్పేవాడు. ఈసారి, "తొమ్మిదో తారీకు వెళ్ళనీ, నీ అసలు వయసు చదివించి వినిపిస్తాను," అన్నాడు. మిగిలిన పరమాన్నం మూడో రోజుకి పులిసిపోతే నేనే కాలవలో పారబోశాను.

తొమ్మిదో తారీకు పొద్దున్న నాన్న పెట్టె ముందు నేల మీద కూర్చున్నాడు. బట్టలన్నీ తీసి బయట పెట్టాడు.

"దయా, ఎర్ర అట్ట పుస్తకం ఎక్కడ పెట్టావమ్మా?"

"నేను చూళ్ళేదు నాన్నా. పద, టైమైపోతోంది. టోటో రిక్షా వచ్చి నిలబడింది."

నాన్న బట్టలన్నీ మళ్ళీ మడతపెట్టి సర్ది, మూత వేసి, దాని మీద అరచెయ్యి పెట్టి కాసేపు అలాగే ఉండిపోయాడు. నేను గుమ్మంలో నిలబడి తొందరపెట్టాను.

విచారణ ఒక ప్రభుత్వ బడిలో. పిల్లల బెంచీల మీద పెద్దవాళ్ళు మోకాళ్ళు ఇరికించుకుని కూర్చున్నారు.  ఆఫీసరు కుర్రవాడే, ముప్పై అయిదు దాటవు. నాన్నకి కుర్చీ వేయించాడు, ప్రమాణం చేయించాడు, బెంగాలీలో మెల్లగా అడిగాడు.

"ఫాదర్, ఈ ముప్పై ఒక్క సర్టిఫికెట్లలో పుట్టిన తేదీ ఎలా వచ్చింది?"

"నేనే వేశాను బాబూ. అసలు తేదీ వాళ్ళకీ తెలియదు, నాకూ తెలియదు."

నా వెనకాల కోదండం, "అయిపోయింది," అన్నాడు. నేను లేచాను. "సార్, మా నాన్న పెద్దవారు, జ్ఞాపకం సరిగా..." ఆఫీసరు చెయ్యెత్తి ఆపాడు.

"కూర్చోండి దిది. తేదీ తెలియనివాళ్ళు ఈ దేశంలో కోట్ల మంది. మా తాతగారికే తెలియదు. నాకు తేదీ అక్కర్లేదు. వీళ్ళు ఎవరి పిల్లలు, ఏ ఊరి నుంచి వచ్చారు? తల్లి పేరు, ఊరి పేరు అప్పట్లో ఎక్కడైనా రాసి పెట్టారా? అప్పటి చేతిరాత ఉంటే చాలు, ఆ ఊరి పాత జాబితాలు తెప్పించి సరిచూస్తాను. ఈ సర్టిఫికెట్ల జోలికే పోను. ఏదీ లేకపోతే మాత్రం పేర్లు తీసెయ్యడం తప్ప నాకు దారి లేదు."

 టెక్కలి దగ్గర, సముద్రం వైపు. ఊరి పేరు చదివాను కదా, కళ్ళతో చదివాను. ఒక్క అక్షరం గుర్తు రాలేదు.

"రాశాను బాబూ," అన్నాడు నాన్న. "పిల్లకో పేజీ. అన్నీ రాశాను."

"ఎక్కడుంది?"

నాన్న నా వైపు తిరిగాడు. చూపు ఆనని కళ్ళు. నేను తల దించుకున్నాను. చెప్పు దయా, చెప్పు, అని లోపల ఎవరో అరుస్తున్నారు. ఆ నోరు, ఊరందరినీ తిట్టే ఆ నోరు, పెగల్లేదు.

"ఇంట్లో ఉండేది. చలికి పొయ్యిలో వేసేశాను," అన్నాడు నాన్న. "ముసలితనం బాబూ. ఏ పుస్తకమో చూసుకోలేదు."

ఆఫీసరు కలం ఆపాడు. "మీరే వేశారా? మీ చేత ఎవరైనా వేయించారా? ఆధారం కాల్చడం చిన్న విషయం కాదు ఫాదర్."

"నేనే వేశాను."

నాన్న ఇంకా ప్రమాణం మీదే ఉన్నాడు. ఆఫీసరు చాలాసేపు రాసుకుని, పైకి పంపిస్తానని, ఫిబ్రవరి ఆఖరుకి జాబితా వస్తుందని, ఈలోపు ఏ ఆధారం దొరికినా తెమ్మని చెప్పి, ఫైలు మూసేశాడు.

బయట సింహాచలమ్మ నాన్న చెయ్యి పట్టుకుని మెట్లు దింపింది. ఆవిడకి బెంగాలీ నాకంటే బాగా వచ్చు, అన్నీ అర్థమయ్యాయి.

"పోన్లెండి అయ్యగోరూ, మీరేటి కావాలని సేసినారా? సలికి సెయ్యి ఏటందితే అదే ఏసీసుంటారు. ఊరుకోండి, బెంగెట్టుకోకండి."

నాన్న ఆవిడ వైపు మొహం తిప్పలేదు. టోటోలో నేను, "నాన్నా," అన్నాను. "ఏమీ అనకమ్మా," అన్నాడు. ఆ తర్వాత ఇంట్లో మంచినీళ్ళకీ మందులకీ తప్ప నోరు విప్పలేదు. ఆ రోజు నుంచీ వేణ్ణీళ్ళు కూడా వద్దన్నాడు. చన్నీళ్ళే పోసుకున్నాడు, వణుకుతూ.

ఫిబ్రవరి మొదటి ఆదివారం ప్రభు బల్ల, తప్పు దాచుకున్నవాళ్ళు ముట్టకూడని రొట్టె, ద్రాక్షరసం పంచే రోజు. ఇప్పుడు మాకు శశిధర్ అని కొత్త పాస్టరు వస్తున్నాడు, నది అవతలి నుంచి. మంచి కుర్రాడు. ఎప్పుడూ రొట్టె పళ్ళెం మొదట నాన్నకే అందిస్తాడు. నేను పుట్టిన దగ్గర్నుంచీ నాన్న ఆ పళ్ళెం ముట్టని నెల లేదు. జ్వరమొస్తే ఇంటికి తెప్పించుకునేవాడు.

పళ్ళెం వచ్చింది. నాన్న రెండు చేతులా అందుకున్నాడు. కాసేపు ఒళ్ళో పెట్టుకున్నాడు. ముక్క తీసుకోకుండా నా చేతికిచ్చేశాడు. ద్రాక్షరసమూ అంతే. శశిధర్ కంగారుగా చూశాడు, ఒంట్లో బాగాలేదనుకుని ఉంటాడు.

ముప్పై ఒక్క పేర్లకోసం ఆడని అబద్ధం, తన ప్రాణానికి ఆడని అబద్ధం, నాకోసం ఆడాడు. ఆడి, తనంతట తానే బల్ల దగ్గర్నుంచి లేచిపోయాడు. ఆయన వదిలేసిన రొట్టెని నేనెలా ముట్టను? పక్కనున్న సింహాచలమ్మకి పళ్ళెం అందించాను. ఆవిడ కళ్ళకద్దుకుని తీసుకుంది.

ఆశీర్వాదానికి ముందు మా గుడిలో ఒక ఆనవాయితీ ఉంది. ప్రభువు చేసిన మేలు గురించి చెప్పేవాళ్ళుంటే లేచి నిలబడి సాక్ష్యం చెప్పాలి. పరీక్ష పాసైనవాళ్ళు, జ్వరం తగ్గినవాళ్ళు, ఉద్యోగం దొరికినవాళ్ళు లేచి చెబుతారు. యాభై ఏళ్ళలో నేనొక్కసారీ లేవలేదు.

"సాక్ష్యం చెప్పేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అన్నాడు శశిధర్.

గోడ అవతల వ్యాగన్లు ఢీకొన్నాయి. మూడో వరసలో కోదండం ఉన్నాడు. వెనక బెంచీల్లో నోటీసులు అందుకున్నవాళ్ళు దాదాపు అందరూ ఉన్నారు. పుస్తకం గురించి నేను చెప్పబోయేది గోడ దాటి ఆ విచారణ గది దాకా, ఆ ఫైలు దాకా వెళుతుందని నాకు తెలుసు.

లేచి నిలబడ్డాను. నాన్న వేళ్ళు నా కొంగు పట్టుకుని ఒకసారి కిందికి లాగాయి. కూర్చోలేదు. అందరూ తిరిగి చూశారు. సింహాచలమ్మయితే చేతులు జోడించి, కళ్ళు ఇంత చేసుకుని నా వైపు చూసింది, జాబితాలో తన పేరు వచ్చిందని చెబుతానేమోనని.